పంపు పారేశానని చెప్పను

నేను కథలు పెంచి చెప్తానని నాచారంలో నా దగ్గర జాకెట్టు కుట్టించుకున్న ప్రతి ఆడదానికీ తెలుసు. అందులో దాపరికం ఏమీ లేదు. ఉప్పల్ స్టేడియంలో ఎవరో కొట్టిన సిక్సర్ మా షాపు రేకుల మీద పడి, దొర్లి, కిటికీలోంచి లోపలికొచ్చి, మిషన్ పెడల్ మీద ఎగిరెగిరి పడి, నేను టీ తాగి వచ్చేలోపు ఒక లంగా మొత్తం కుట్టి పెట్టిందని చెప్పింది నేనే. ఆ లంగా తీసుకున్నామె నమ్మలేదు. కుట్టు మాత్రం నాకంటే బంతిదే బాగుందనేసి పోయింది. జాకెట్టు ఆలస్యమైతే మామూలుగా తిట్లు పడతాయి, కథ తోడుంటే నవ్వులు పడతాయి. నన్ను మార్చాలని చూసినవాళ్లు అలిసిపోయి ఊరుకున్నారు తప్ప నేను మారలేదు.

అలాంటి నన్ను ఒకసారి ఒకే ఒక్క అబద్ధం చెప్పమని అడిగారు. అడిగినవాళ్లు మంచివాళ్లు, జీవితంలో అబద్ధం ఆడనివాళ్లు. చెప్పనన్నాను. దానికి కొందరు ఇప్పటికీ నామీద కోపంగా ఉన్నారు. ఉండనీ.

నాకు దమ్ము ఉంది. డాక్టర్లు ఆస్తమా అంటారు. ఓవర్‌లాక్ మిషన్ తిరిగినంతసేపూ గుడ్డ అంచుల నుంచి సన్నని నూగు లేస్తుంది. దానికి ఉప్పల్ రోడ్డు దుమ్మూ, పక్క షాపు అగర్‌బత్తీ పొగా తోడైతే సాయంత్రానికి నా ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. గోడ అవతలి ఇంటామె ఆ కూతలు విని, తన కుక్కరే కూసిందనుకుని పొయ్యి ఆపేసిందనీ, ఆ పూట వాళ్లింట్లో అందరూ ఉడకని పప్పు తిన్నారనీ నేను చెప్తుంటాను. పప్పు సంగతి ఎలా ఉన్నా కూతలు మాత్రం నిజం. గోడకు ఒరిగి, భుజాలు చెవుల దాకా లేచిపోయి, ఒక్క గుక్క గాలి కోసం నోరు తెరుచుకుని కూర్చున్నప్పుడు నాకు ఏ కథా తోచేది కాదు. నా నోరు మూయించగలిగింది ప్రపంచంలో ఆ జబ్బు ఒక్కటే. అందుకే దానిమీద నాకు పగ.

మా ఆయన అక్క, అంటే మా వదిన, బోడుప్పల్‌లో ఉంటుంది. నా దమ్మును బాగు చేయడం తన సొంత పనిగా పెట్టుకుంది. అడ్డసరం ఆకు కషాయం కాచి స్టీలు సీసాలో తెచ్చేది. మిరియాలు నూరి తేనెలో కలిపి నాకించేది. నువ్వులనూనెలో కర్పూరం వేసి వీపుకు రుద్దేది. ఆ కర్పూరం ఘాటుకే నాకు దగ్గు ఎక్కువైతే, "లోపలున్నది బయటికొస్తుంది, రానియ్యి," అనేది. మృగశిర కార్తె నాడు చేప మింగించిన సంగతి మాత్రం నన్ను అడగకండి. నేను చెప్పడం మొదలుపెడితే అది తిమింగలం అవుతుంది. ఇంకో పొద్దున, గాడిదను వెంటబెట్టుకుని వీధులు తిరుగుతూ దాని పాలు అమ్మే మనిషిని పట్టుకొచ్చి నా షాపు ముందు నిలబెట్టింది. అతను అక్కడికక్కడే పితికి చిన్న గిన్నెలో పోసి ఇచ్చాడు.

"కండ్లు మూసుకోని తాగు," అంది వదిన.

"గాడిద నన్నే సూస్తుంది వదినె. సిగ్గయితుంది."

"నీ సిగ్గు సంగతి దానికి తెల్వదు గని, తాగవే."

తాగాను. పాలు పలచగా, తియ్యగా బాగానే ఉన్నాయి. దమ్ము ఎక్కడిది అక్కడే ఉంది. రోజూ పొద్దున ఓండ్రపెట్టుకుంటూ లేస్తున్నానని నేను షాపుకొచ్చిన వాళ్లందరికీ చెప్పేసరికి, వదిన కొన్నాళ్లు మా గడప తొక్కలేదు.

ఆ కొన్నాళ్లలోనే ఏఎస్ రావు నగర్‌లో ఊపిరితిత్తుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె నాతో ఒక గొట్టంలోకి ఊదించి, రెండు పంపులు, అంటే ఇన్‌హేలర్లు, రాసింది. ఒకటి పొద్దున, రాత్రి రోజూ పీల్చాల్సింది. బాగున్నా సరే, చెప్పేదాకా మానొద్దంది. రెండోది ఊపిరి ఆడనప్పుడు పీల్చుకోవడానికి. మందుల షాపులో ఆ డబ్బాలు తీసుకుంటుంటే పక్కనున్నామె నా చెవిలో, "గది అలవాటైతే ఇడువదమ్మా," అని చెప్పి మరీ పోయింది. మా వైపు పంపు అంటే అలాగే చూస్తారు. పీల్చేవాళ్లు గోడవైపు తిరిగి, కొంగు అడ్డం పెట్టుకుని పీలుస్తారు. నేను మొదటిరోజు నుంచీ కౌంటర్ ముందే నిలబడి, మెడలో టేపు వేసుకుని, కస్టమర్ చూస్తుండగానే పీల్చాను. నడుము కొలతలు అంత గట్టిగా అందరి ముందూ చెప్తున్నప్పుడు లేని సిగ్గు నా ఊపిరికెందుకు?

వదిన మళ్లీ వచ్చింది. ఈసారి ఆకులు లేవు, గాడిద లేదు. నాచారం మునిసిపల్ పార్కులో ఆదివారం పొద్దున ప్రకృతి వైద్యం క్లాసు జరుగుతుందని, తానక్కడ వాలంటీరునని, మెడలో ఆకుపచ్చ స్కార్ఫు, దానికి వేలాడే విజిల్ చూపించింది. చర్చి గంటకు ముందే అయిపోతుందని కూడా చెప్పింది, నేను ఆ సాకు చెప్తానని తెలుసు కాబట్టి.

క్లాసు చెప్పే మాస్టారు పెద్ద ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. కోస్తా వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. చిన్న మైకు నోటి ముందు తగిలించుకుని, ఊపిరిని కూడా ఒక యంత్రంలాగే విప్పి చూపించేవారు. నేను ఎగతాళి చేద్దామని వెళ్లాను. కుదరలేదు. ఆయన చెప్పేది పనిచేసింది. ముక్కుతో కొంచెమే తీసుకుని, వేడి టీని ఒలక్కుండా చల్లార్చినట్టు పెదాలు సన్నగా చేసి మెల్లగా వదలమనేవారు. దమ్ము పట్టుకున్నప్పుడు గాలి లోపలికి రావడం లేదని మనం గాబరా పడతాం, లోపలున్నది బయటికి పోవడం లేదు, దాన్ని ముందు పంపించండి అనేవారు. భుజాలు దించమనేవారు. షాపులో చీపురు మానేసి తడిగుడ్డ పెట్టమన్నారు, గుడ్డల మూటలకు దుప్పటి కప్పమన్నారు. పక్క షాపాయనతో పోట్లాడి అగర్‌బత్తీలు నా కిటికీ వైపు కాకుండా అటువైపు పెట్టించింది మాత్రం నేనే.

ఈ పద్ధతుల గురించి డాక్టరమ్మకు చెప్తే చాలా మంచిది, చేయండి, పంపు మాత్రం మానకండి అంది. నేను రెండూ చేశాను. కొన్ని నెలలకు పిల్లికూతలు తగ్గాయి. ఊపిరాడనప్పుడు వాడే పంపు సంచిలోంచి బయటికి రావడం అరుదైంది. రోజువారీ పంపు మాత్రం పొద్దున, రాత్రి మానలేదు.

ఆ క్లాసుకు ఒక పెయింటర్ వచ్చేవాడు. నాకంటే చాలా చిన్నవాడు, అక్కా అని పిలిచేవాడు. నారపల్లి వైపు కొత్త వెంచర్లలో లేస్తున్న ఇళ్లకు లప్పం పెట్టి, ఎండాక గరుకు కాగితంతో గీకి, రంగులు వేసే పని. ఆ గీకుడులో తెల్లటి పొడి మనిషిని ముంచేస్తుంది. అతనికీ దమ్మే. పోయిన వానాకాలం ఒక ఇంట్లో పరంజా మీద ఉండగా పట్టుకుంటే, జేబులో పంపు ఉంది కాబట్టి కిందికి దిగగలిగానని అతనే చెప్పాడు.

ఒక ఆదివారం క్లాసయ్యాక పార్కు బయట ఇద్దరం టీ తాగుతున్నాం.

"అక్కా, నువ్వు పంపు ఇడిసిపెట్టినవంట గద," అన్నాడు.

"ఎవరు జెప్పిన్రు?"

"వదినమ్మ అందరికీ జెప్తుంది. సార్ వీడియో గూడ తీస్తడంట నీతోని, యూట్యూబ్ల పెడ్తడంట. నువ్వు వీడియోల జెప్పినంక నేను గూడ నాది పారేస్త."

"నీకెందుకు అంత తొందర?"

"మేస్త్రీ సూసిండక్కా జేబుల. దమ్ము పోరనితోని నాకెందుకు పంచాది అని పక్క సైటుకు వేరేటోన్ని తోల్కపోయిండు. గది లేకుంటే నాకు ఫికరే లేదు."

టీ గ్లాసు పట్టుకుని అతన్ని చూశాను. నవ్వుతున్నాడు. నా మాట మీద నమ్మకంతో నవ్వుతున్నాడు. నా మాట నమ్మినవాడు నాచారంలో అంతకుముందు ఎవడూ లేడు.

ఆ మధ్యాహ్నమే వదిన షాపుకొచ్చింది, ఏం చెప్పాలో నాకు నేర్పడానికి.

"ఎన్నేండ్ల సందో ఉన్న దమ్ము సార్ క్లాసులతోని పోయింది, పంపు తీసి చెత్తకుప్పల ఏసిన అని చెప్పు. ఆడికి ఆపు. ఎక్కువ కత పడకు."

"నేను రోజూ పీలుస్తున్న గద వదినె. నీకు తెల్వదా?"

"పొద్దుగాల ఒకసారి, రాత్రి ఒకసారి. గది లెక్కలకు రాదు."

"మరి నువ్వు అన్నం గూడ పొద్దుగాల ఒకసారి, రాత్రి ఒకసారే తింటవ్. తింటలేనని జెప్తవా?"

"ఏందే నీ ఎదురుమాటలు. సార్ ముందల నా ఇజ్జత్ తీస్తవా? జర పెంచి చెప్పుమంటున్న, గంతే. నీకేమన్న కొత్తనా?"

చర్చిలో నేను సాక్ష్యం చెప్పడానికి లేచినప్పుడల్లా పక్కన కూర్చుని నా కొంగు పట్టి కిందికి లాగే మనిషి ఈమె. ఎక్కడ పెంచి చెప్తానోనని ఆమెకు భయం. దేవుడి ముందు పెంచొద్దన్న మనిషి యూట్యూబ్ ముందు పెంచమంటోంది. నాకు నవ్వొచ్చింది, ఒళ్లు కూడా మండింది. పెయింటర్ మాట ఆమెకు చెప్పాను. "వానికి గూడ తక్కువైతది, మంచిదే గద," అంది. ఆమె నిజంగానే అలా నమ్ముతోంది. నమ్మేవాళ్లతో వాదించడం నాకు చేతకాదు, అబద్ధమాడేవాళ్లతో అయితే సులువు.

తర్వాతి ఆదివారం పార్కులో చెట్టు కింద బ్యానరు కట్టారు. మాస్టారు ఫోనును స్టాండుకు బిగించి, నా కొంగుకు చిన్న మైకు తగిలించారు. క్లాసు వాళ్లంతా ఎదురుగా కూర్చున్నారు. పెయింటర్ ముందు వరుసలోనే ఉన్నాడు. వదిన విజిల్ వేసి అందరినీ నిశ్శబ్దం చేసింది.

"మామూలుగా మీరు కబుర్లు చెప్పినట్టే చెప్పండమ్మా," అన్నారు మాస్టారు. "మీరు చెప్తే జనం వింటారు. అందుకే మిమ్మల్ని ఎంచుకున్నాం."

కుక్కరు కథతో మొదలుపెట్టాను. నవ్వారు. గాడిద పాల సంగతి చెప్తే ఇంకా నవ్వారు, వదిన కూడా నోటికి స్కార్ఫు అడ్డం పెట్టుకుంది. మాస్టారు నేర్పిన టీ చల్లార్చే ఊపిరి చేసి చూపించాను. తడిగుడ్డ గురించి, దించిన భుజాల గురించి, మూడు అంతస్తులు ఆగకుండా ఎక్కడం గురించి చెప్పాను. అవన్నీ నిజమే. మాస్టారి ముఖం వెలిగిపోయింది.

"ఇగ నా పంపు సంగతి," అన్నాను. "అది నేను పారెయ్యలె. ఇయ్యాల పొద్దుగాల గూడ పీల్చిన. రాత్రికి మళ్ల పీలుస్త."

అందరూ పగలబడి నవ్వారు.

నేను ఆగాను. వాళ్లు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. సిక్సర్ కొట్టిన బంతి లంగా కుట్టిందని చెప్పినప్పుడు నవ్వినట్టే, ఇది కూడా నా కథల్లో ఒకటనుకున్నారు. ముందు వరుసలో పెయింటర్ కూడా తొడ చరుచుకుని నవ్వాడు. "అక్క జబర్దస్త్ జెప్తది," అన్నాడు పక్కనున్నాయనతో. నా జీవితంలో నిజం చెప్పి నవ్వించింది ఆ ఒక్కసారే. నాకు కోపం వచ్చింది, నామీద కాదు, ఆ నవ్వుమీద.

"నవ్వకున్రి. నిజం జెప్తున్న."

ఇంకొంచెం నవ్వారు.

సంచి తెరిచి పంపు బయటికి తీశాను. మూత తీసి ఊపాను. మాస్టారు నేర్పినట్టే పెదాలు సన్నగా చేసి గాలంతా మెల్లగా వదిలాను. పంపు నోట్లో పెట్టుకుని నొక్కుతూ పీల్చాను. నోరు మూసుకుని ఊపిరి బిగబట్టాను. అలా బిగబట్టినంతసేపూ కెమెరా వైపే చూశాను. అప్పుడాగింది నవ్వు.

"సార్, ఆపున్రి దాన్ని," అంది వదిన.

మాస్టారు ఫోను ఆపలేదు. ఆపడం మరిచిపోయినట్టున్నారు. "ఎందుకమ్మా ఇప్పుడిది?" అన్నారు మెల్లగా. "మనం మందులు లేని మార్గం గురించి చెప్తున్నాం. ఇలా చూపిస్తే మన పద్ధతికి చెడ్డపేరు కాదూ?"

"నా పంపుతోని మీకు చెడ్డపేరు రాదు సార్. మీరు నేర్పింది మంచిగ పనిజేసింది, గదే ముందుగాల జెప్పిన. కాని ఒక చెయ్యి కుట్టి ఇదే జాకెట్టు అని ఇస్తే ఎవరన్న తీసుకుంటరా? రెండు చేతులు ఉండాలె. మీది ఒకటి, డాక్టరమ్మది ఒకటి."

"మీరు పూర్తిగా నమ్మి చేసుంటే దాని అవసరమే ఉండేది కాదు."

"ఎంత నమ్మాలె సార్? ఇగో ఈ తమ్ముడు నన్ను నమ్ముతున్నడు. నేను పారేసినంటే ఆయన గూడ పారేస్తడు. పారేసి లప్పం గీకనీకి పరంజా ఎక్కుతడు. ఆడ దమ్ము పట్టుకుంటే మీ వీడియో వచ్చి దించుతదా, నా కత వచ్చి దించుతదా?"

పెయింటర్ తల దించుకున్నాడు. అందరి ముందూ తన జబ్బు బయటపెట్టానని అతనికి కోపం వచ్చిందని తెలుస్తూనే ఉంది. లేచి, చెప్పులు వేసుకుని, గేటు దాటి పోయాడు. వెనక్కి పిలవలేదు నేను. పిలిచినా ఏం చెప్తాను? నా మాట వల్ల అతను పంపు ఉంచుకుంటాడో, ఆ కోపంలో ఇంకా తొందరగా పారేస్తాడో నాకు తెలియదు.

ఆ వీడియో ఎక్కడా రాలేదు. నన్ను కొన్నాళ్లు క్లాసుకు రావొద్దని మాస్టారు వదినతో చెప్పి పంపారు. ఆ మాట చెప్పడానికి వదిన షాపు లోపలికి రాలేదు, బయట మెట్టు మీదే నిలబడింది.

"సంతోషమైందా?" అంది.

"అయింది వదినె."

"నా ఇజ్జత్ పోయింది."

"నీ మెడల స్కార్ఫు అట్లనే ఉంది గద. ఇజ్జత్ యాడికి పోతది?"

"ఒక్కసారన్న తగ్గవా నువ్వు?"

"తగ్గుత. ఊపిరి దిక్కు మాత్రం తగ్గ."

ఆమె వెళ్లిపోయింది. ఇంట్లో మా ఆయన కూడా పెద్దవాళ్లతో అలా మాట్లాడొచ్చా అన్నాడు. పెద్దవాళ్లు అలా అడగొచ్చా అన్నాను. పప్పు గిన్నె తన వైపు జరుపుకున్నాడు. నాకు వాళ్లెవరి గొడవా పట్టలేదు. పెయింటర్ ఫోను నంబరు నా దగ్గర లేదు. అతను ఎక్కడ ఉంటాడో కూడా సరిగా తెలియదు. నారపల్లి దాకా ఎన్ని ఇళ్లు కడుతున్నారో, ఎన్ని పరంజాలున్నాయో, ఏ పరంజా మీద అతనున్నాడో. మిషన్ తొక్కుతూ వారమంతా అదే ఆలోచన. కస్టమర్లు కథ చెప్పమంటే, తర్వాత చెప్తానన్నాను. ఒళ్లు బాగాలేదా అని అడిగారు.

ఆదివారం వచ్చింది. క్లాసుకు రావొద్దన్నారు, పార్కుకు రావొద్దని ఎవరూ అనలేదు. అంటే కూడా వెళ్లేదాన్ని. పార్కు మునిసిపాలిటీది. గేటు దాటి, వాళ్లు కూర్చునే చెట్టుకు ఎదురుగా, కాస్త దూరంలో ఉన్న సిమెంటు బెంచీ మీద కూర్చున్నాను. వదిన నన్ను చూసి ముఖం తిప్పుకుంది. మాస్టారు మైకులో, "మెల్లగా తీసుకోండి, మెల్లగా వదలండి," అంటుంటే, ఆ మాట నా బెంచీ దాకా శుభ్రంగా వినిపిస్తోంది. కళ్లు మూసుకుని ఆయన లెక్క ప్రకారమే ఊపిరి తీశాను. ఎవరు ఆపుతారో చూద్దామనుకున్నాను. ఎవరూ ఆపలేదు.

కొంచెంసేపటికి బెంచీ అవతలి కొసన ఎవరో కూర్చున్నారు. కళ్లు తెరిచాను. పెయింటర్. ముఖం ఇంకా గంటు పెట్టుకునే ఉన్నాడు. చొక్కా జేబులో నీలంరంగు పంపు పైకి కనిపిస్తోంది.

"అందరి ముందట అట్ల అంటవా అక్కా," అన్నాడు నా వైపు చూడకుండా.

"అన్న. మళ్లన్న అంట."

"తెలుసు."

"పనికి పోతున్నవా?"

"ఒగాయినె వద్దన్నడు. ఇంకో మేస్త్రీ తాన కుదిరిన. జేబుల ఇది చూసి ఏందిర అన్నడు. దమ్ము మందు, ఉంటే ఉంట, లేకుంటే పోత అన్న. మూతికి గుడ్డ కట్టుకొమ్మన్నడు, గంతే."

"నువ్వే అన్నవా అట్ల?"

"నేనే అన్న. నీకొక్కదానికే అననీకొస్తదనుకున్నవా?"

అతను కూడా కళ్లు మూసుకుని, అవతల చెట్టు కింద నుంచి వినిపిస్తున్న లెక్క ప్రకారం ఊపిరి తీయడం మొదలుపెట్టాడు. తీస్తున్నప్పుడు భుజాలు రెండూ పైకి లేస్తున్నాయి. చెప్దామా వద్దా అని నేను చూస్తుండగా, మైకులో లెక్క ఆగింది.

"ఆ బెంచీ మీద పెయింటర్ బాబూ," అన్నారు మాస్టారు. అందరూ మా వైపు తిరిగారు, వదిన కూడా. "భుజాలు దించు. ఎన్నిసార్లు చెప్పాలి. పక్కనున్న అమ్మగారు కూడా."

పెయింటర్ దించాడు. నేను కొంచెం ఆగి దించాను.